ఎడమవైపు హెడ్‌లైట్

వారంబీన్,
18 జూలై 1993

తమ్ముడు మెర్విన్‌కి,

వారంపాటు వాడుకోమని నీకిచ్చిన నా కారు చేరింది. నువ్వు మాత్రం చేరలేదు. నిన్న నేను కసాయి కొట్టుకి వెళ్ళి వచ్చేలోగా షెడ్డులో బండి పెట్టి, తలుపు సందులో చీటీ దోపి, మధ్యాహ్నం బస్సెక్కి పారిపోయావు. నీ కోసమని గొర్రె తొడ కొన్నాను. ఇప్పుడు దాన్ని నేనొక్కదాన్నే వారమంతా తినాలి. సొంత అక్క ఇంట్లో ఒక్క టీ తాగడానికి కూడా తీరిక లేనంత పెద్దవాడివయ్యావా?

చీటీ చదివాను. శుక్రవారం పొద్దున జీలాంగ్ దగ్గర కంగారూ అడ్డొచ్చిందనీ, ఎడమవైపు హెడ్‌లైట్ పగిలితే కొత్తది వేయించాననీ రాశావు. పోనీలే, నీకేం కాలేదు, అంతే చాలు. మీ బావ ఉండి ఉంటే ముందు బండిని చూసి, తర్వాత నిన్ను చూసేవాడు. ఇంతకీ నీ బండి రిపేరు పూర్తయిందా?

ఇక్కడ ఊరంతా ఒకటే మాట. తేనె టుల్లీ తెలుసుగా, నారపూల్ రోడ్డులో గేటు దగ్గర బల్ల మీద సీసాలూ డబ్బుల డబ్బా పెట్టి వదిలేస్తాడే, ఆ హోరేస్ టుల్లీ. గురువారం పొద్దున ఆయన్ని ఏదో బండి గుద్దేసి వెళ్ళిపోయింది. ఆయన భార్య ఈనిడ్ పదకొండు దాటాక, కాఫీకి ఇంకా రాలేదేమిటని చూడ్డానికి వెళితే, గేటు పక్కన కాలవలో, ఈ చలికాలపు మంచులో పడి ఉన్నాడు. ప్రాణం ఉంది గాని మాట లేదు. ఆసుపత్రిలో ఉంచారు. కొట్టినవాడు ఒక్క క్షణం ఆగి ఉంటే ఏం పోయేది? తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

ఫోను చెయ్యకు. నాకు సగం వినపడదు, మిగతా సగం నువ్వు నమిలేస్తావు. ఉత్తరమే రాయి. మరదలు నోరీన్ నడుం నొప్పి ఎలా ఉందో కూడా రాయి.

మీ అక్క
ఏవిస్


జీలాంగ్,
24 జూలై

అక్కా,

చీవాట్లు అందాయి, కడుపు నిండింది. గొర్రె తొడ లేని లోటు అవే తీర్చాయి.

నిజంగానే తీరిక లేదు. గొర్రెలకి నులిపురుగుల మందు అమ్మేవాడి బతుకు ఎలా ఉంటుందో నీకు తెలియనిదా? వానలు పడ్డాయంటే పురుగులు పెరుగుతాయి, పురుగులు పెరిగితే మా కంపెనీ పెద్దాయన నోరు పెరుగుతుంది. వారానికి వెయ్యి కిలోమీటర్లు తిరుగుతున్నాను. నోరీన్‌కి అక్టోబరులో నడుముకి ఆపరేషన్ అన్నారు. మంచం దిగడమే కష్టంగా ఉంది. ఇంటికి ఆధారం ఇప్పుడు నా రెండు చేతులూ, ఒక స్టీరింగూ.

టుల్లీ సంగతి విని బాధేసింది. ఆయనకి తెలివి వచ్చిందా? ఏదైనా చెప్పాడా? బండి ఏ రంగుదో ఎవరైనా చూశారా? ఊరికే అడుగుతున్నాను.

ఇంకో మాట. నీకు ప్రభుత్వం నుంచి కవరేదైనా వచ్చిందా? వస్తే దాని మీద ఏమీ రాయకుండా ముందు నాకు చెప్పు.

నీ తమ్ముడు
మెర్విన్


వారంబీన్,
8 ఆగస్టు

మెర్విన్,

నీ నోట శకునం ఉంది. కవరు వచ్చింది.

"వాహన యజమాని ఏవిస్ పెంగిల్లీ గారికి" అని నా పేరు అచ్చులో చూసుకుని, ఏదో బహుమతి వచ్చిందనుకున్నాను. చదివితే తెలిసింది ఘనకార్యం. 15 జూలై గురువారం, ఉదయం 8 గంటల 52 నిమిషాలకి, నారపూల్ పొలిమేరలో సమాధుల తోట దగ్గర, అరవై దాటకూడని చోట నేను ఎనభై నాలుగులో పోయానట! రోడ్డు పక్క కారులో కూర్చున్నవాడి కెమెరా ఫొటో తీసిందట. ఆ సమయానికి నేను మన ఊరి హాలులో ఎప్రన్ కట్టుకుని, పోటీకొచ్చిన పందొమ్మిది రకాల నారింజ తొక్కల జామ్, అదే మార్మలేడు నాకి, ఎవరిది చేదో ఎవరిది తీపో కాగితం మీద రాస్తున్నాను. ఈ వయసులో ఒకేసారి రెండు చోట్ల ఉండగలిగానంటే గొప్పే.

నోటీసు వెనక సన్న అక్షరాలు భూతద్దం పెట్టి చదివాను. బండి ఎవరిదైతే నేరం వాళ్ళదేనట. ఒప్పుకుంటే జుల్మానా కట్టెయ్యాలి, లైసెన్సులో పాయింట్లు పోతాయి. నడిపింది నేను కాదంటే, నడిపినవాడి పేరూ ఊరూ రాసి ప్రమాణం చేసి పంపాలి. అదీ కాదంటే కోర్టుకి వెళ్ళి వాదించుకోవాలి. ఇరవై ఎనిమిది రోజులు గడువిచ్చారు. నోరు మూసుకుని కూర్చుంటే మాత్రం నేనే నడిపినట్టు లెక్క.

నేను కోర్టుకెందుకు వెళ్తాను? నీ పేరు రాసి పంపేస్తాను. కానీ ఆ ఫొటో కావాలని ఆఫీసుకి ఒక ఉత్తరం రాశాను. అడిగితే పంపుతారట. మా తమ్ముడు ఎంత వేగంగా పోతాడో చూద్దామని.

అన్నట్టు, ఆ పూట నువ్వు టుల్లీ గేటు ముందు నుంచే వెళ్ళి ఉంటావు. అక్కణ్ణించి సమాధుల తోట నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. ఏమైనా చూశావా? చూస్తే సార్జెంటు డ్రిస్కల్‌కి చెప్పాలి. పాపం వాళ్ళకి ఇంతవరకూ ఏ ఆధారమూ దొరకలేదు.

అక్క


జీలాంగ్,
11 ఆగస్టు

అక్కా,

నీ కాళ్ళు పట్టుకుంటాను, నా పేరు రాయకు.

నా లైసెన్సులో ఇప్పటికే పదకొండు పాయింట్లు పోయాయి. పన్నెండయితే లైసెన్సు లాక్కుంటారు. లైసెన్సు లేని మందులవాడిని మా పెద్దాయన ఒక్క రోజు కూడా ఉంచుకోడు. ఉద్యోగం పోతే కంపెనీ ఇచ్చిన ఇల్లూ పోతుంది. నోరీన్‌ని ఆపరేషన్ బల్ల మీంచి ఎక్కడికి తీసుకెళ్ళమంటావు?

నీ లైసెన్సు కడిగిన పింగాణీలా ఉంది. నలభై ఏళ్ళలో ఒక్క మచ్చ లేదు. మూడు పాయింట్లు పోతే నీకు దోమ కుట్టినట్టు కూడా ఉండదు. అక్కా, ఇది ఎవరూ చెయ్యని పనేం కాదు. మీ వీధిలో బామ్మలందరి లైసెన్సుల మీదా మనవళ్ళ పాయింట్లే. నీ స్నేహితురాలు మేబెల్ కిందటేడు చూపు సరిగ్గా ఆనకపోయినా నూట పదిలో పోయింది కదా, గుర్తులేదూ? నువ్వే నవ్వుతూ చెప్పావు.

నువ్వు ఏ ప్రమాణమూ చెయ్యక్కర్లేదు. ఊరికే డబ్బు కట్టెయ్యి. ఆ డబ్బు నేను పంపిస్తాను. కట్టినవాళ్ళే నడిపినవాళ్ళు. అక్కడితో సరి.

ఫొటో ఎందుకు అడిగావు? అది వస్తే చూడకుండా పొయ్యిలో వెయ్యి.

టుల్లీ గేటు దగ్గర నేనేమీ చూడలేదు. ఎండ కళ్ళలో పడుతోంది.

మెర్విన్


వారంబీన్,
19 ఆగస్టు

మెర్విన్,

కట్టేశాను. పోస్టాఫీసులో కౌంటరు వెనక పిల్ల రసీదు ఇస్తూ, "ఏవిస్ గారూ, ఎనభై నాలుగా! ఎక్కడికండీ అంత తొందర?" అని పక్కున నవ్వింది. లైనులో ఉన్నవాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వారో వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. ఇలాంటివి మా ఊళ్ళో ఎవరూ తప్పనుకోరు. నేనూ అనుకోలేదు. అయినా ఇంటికొచ్చాక ఎందుకో ఆ రసీదుని సొరుగు అడుగున దాచాను.

హోరేస్ టుల్లీ మంగళవారం పోయాడు. నెలపాటు ఒక్క మాట లేదు. డాక్టరు ఈనిడ్‌తో అన్నాడట, ఇంకో గంటా రెండు గంటల ముందు తీసుకొచ్చి ఉంటే బతికేవాడని. దెబ్బ కంటే ఆ మంచులో పడి ఉండటమే ఎక్కువ చేసిందట. రేపు సమాధి చేస్తున్నారు. నేనూ మేబెల్ శాండ్‌విచ్‌లు చేస్తున్నాం.

ఈనిడ్ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఏడవడం లేదు. గేటు దగ్గర బల్ల ఇంకా అలాగే ఉంది. "లోపల పెట్టనా?" అని అడిగితే వద్దంది.

అక్క


జీలాంగ్,
24 ఆగస్టు

అక్కా,

డబ్బు కట్టినందుకు నీ ఋణం ఈ జన్మలో తీర్చుకోలేను.

టుల్లీ విషయం చదివాను. నోరీన్ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. రెండు రాత్రులు నాకు నిద్ర లేదు, ఈ ఆపరేషన్ దిగులుతో.

ఎవరైనా వచ్చి ఏదైనా అడగొచ్చు. ఆ పూట కెమెరాలో పడ్డ బళ్ళన్నిటి వివరాలూ పోలీసులు తీసుకుంటారని విన్నాను. అడిగితే ఇంతే చెప్పు: "నేనే నడిపాను. నారపూల్‌లో పనుండి వెళ్ళాను. గేటు దగ్గర ఎవరూ కనపడలేదు. ఎండ కళ్ళలో పడుతోంది." దీనికి ముందూ వెనకా ఏమీ కలపకు. నీకు కథలు చెప్పే అలవాటుంది, ఆ ఒక్కసారికి మానుకో.

ఇది కాల్చెయ్యి.

మెర్విన్


వారంబీన్,
5 సెప్టెంబరు

మెర్విన్,

సార్జెంటు డ్రిస్కల్ బుధవారం వచ్చాడు. టోపీ ఒళ్ళో పెట్టుకుని వంటింట్లో కూర్చున్నాడు. ఆ పూట కెమెరాలో పడ్డవి మొత్తం ఏడు బళ్ళట, ఆరుగురితో మాట్లాడేశాడట. నేను ఏడోదాన్ని.

నువ్వు రాసిచ్చిన మాటలే చెప్పాను. చిన్నప్పుడు నీచేత నేను పద్యాలు అప్పజెప్పించేదాన్ని. ఇప్పుడు నువ్వు నాచేత అప్పజెప్పించావు. ఆయన రాసుకున్నాడు, నేను సంతకం పెట్టాను.

తర్వాత బండి ఒకసారి చూస్తానన్నాడు. షెడ్డులోకి తీసుకెళ్ళాను. వంగి చాలాసేపు చూసి, "ఎడమ హెడ్‌లైట్ కొత్తదిలా ఉందే?" అన్నాడు.

"కంగారూ అడ్డొచ్చింది," అన్నాను. ఆ మాట నువ్వు రాసివ్వలేదు. దానంతట అదే వచ్చింది. గేటు దగ్గర గాజు పెంకులు దొరికాయనీ, కవర్లో దాచి ఉంచామనీ అప్పుడు చెప్పాడు.

టీ పూర్తి చేసి లేస్తూ, "మార్మలేడు పోటీలో మా ఆవిడ గ్వెన్‌కి రెండో బహుమతి ఇచ్చింది మీరేగా ఏవిస్ గారూ! తొక్క మందంగా ఉందని రాశారట. వారం రోజులు ఇంట్లో నాకు మనశ్శాంతి లేదు," అని నవ్వాడు. ఆ పోటీ ఏ రోజు జరిగిందో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. కానీ న్యాయనిర్ణేతగా నేను సంతకం పెట్టిన కాగితం హాలులో అద్దాల బీరువాలో అతికించే ఉంది, తేదీతో, వేళతో సహా. దారిన పోయే ప్రతివాడూ చదవచ్చు.

శుక్రవారం ఫొటో వచ్చింది.

పొయ్యిలో వెయ్యలేదు. ఎదురుగా వస్తుంటే తీశారు. నా బండే, నా నంబరే. అద్దం మీద ఎండ పడి, మొహం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ ఉంది. కుడివైపు హెడ్‌లైట్ ఉంది. ఎడమవైపు నల్లటి గుంట.

నువ్వు కంగారూని శుక్రవారం కొట్టానన్నావు. ఇది గురువారం ఫొటో. నాకు పెద్ద చదువు లేకపోయినా వారాలు తెలుసు.

ఆ కంగారూ ఏ రోజు అడ్డొచ్చింది, మెర్విన్?

ఏవిస్


జీలాంగ్,
9 సెప్టెంబరు

అక్కా,

వారాలు కలగాపులగం చేశాను, అంతే. బుధవారమో ఏమో. నెలకి ముప్ఫై ఊళ్ళు తిరిగేవాడికి ఏ కంగారూ ఏ రోజుదో ఎలా గుర్తుంటుంది? గోరంతని కొండంత చెయ్యకు.

ఆ ఫొటో ఎవరికీ చూపించకు. బండి కడగొద్దు, తుడవొద్దు, తియ్యొద్దు. ఆదివారం వచ్చి నేనే తీసుకుపోతాను. బల్లారట్‌లో పాత బళ్ళు తుక్కు కింద కొనేవాడు తెలుసు. బావ పోయాక ఆ బండి నీకెందుకు? కొట్టుదాకా నడిచి వెళ్ళొచ్చు.

ఒకటి ఆలోచించుకో. డబ్బు కట్టింది నువ్వు. నేనే నడిపానని సంతకం పెట్టింది నువ్వు. కంగారూ అని పోలీసుకి చెప్పింది నువ్వు. కాగితాల్లో ఎక్కడా నా పేరు లేదు. ఇది బెదిరింపు కాదక్కా, నీ మంచికే చెబుతున్నాను.

షెడ్డు తాళం పూలకుండీ కిందే ఉంచు.

మెర్విన్


వారంబీన్,
12 సెప్టెంబరు

మెర్విన్,

పొద్దున నువ్వు షెడ్డు తలుపు లాగుతుంటే వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. తాళం నా జేబులో ఉంది. తలుపు కొట్టావు, పిలిచావు. నాకు సగమే వినపడుతుంది కదా, ఆ సగం కూడా విననట్టు కూర్చున్నాను. నిన్ను చూసి నేను భయపడ్డాను. నీ ముక్కు తుడిచి పెంచినదాన్ని, నీకు భయపడి బల్ల వెనక నక్కాను. ఈ సిగ్గు నేను ఎక్కడ దాచుకోను?

బండి తుడవద్దన్నావు. నిన్న తుడిచాను. ముందు సీటు కింద వెనక్కి దొర్లిపోయి ఒక తేనె సీసా ఉంది. మూత కూడా తియ్యలేదు. హోరేస్ ఏ సీసా ఏ రోజు గేటు దగ్గర పెడితే ఆ రోజు తేదీ దాని మీద తన చేత్తో రాస్తాడు, నిన్నటి సరుకు ఎవరికీ అంటగట్టనని చెప్పుకోడానికి. ఆయనకదో గర్వం. పెన్సిలు రాత స్పష్టంగా ఉంది. 15 జూలై.

గేటు దగ్గర ఎవరూ కనపడలేదన్నావు.

నిజం రాయి. అక్కకి కాకపోతే ఎవరికి రాస్తావు?

ఏవిస్


జీలాంగ్,
17 సెప్టెంబరు

అక్కా,

రాస్తున్నాను.

ఆ తేనె నీ కోసమే కొన్నాను. వారంపాటు బండి ఇచ్చావు, ఉత్త చేతులతో ఎలా రాను అని ఆగాను. టుల్లీ అప్పుడే సీసాలు సర్దుతున్నాడు. "ఇది ఏవిస్ బండి కదూ? ఆవిడకి ముదురు రంగుదే ఇష్టం," అని ఏరి మరీ ఇచ్చాడు. కాసేపు వానల గురించి మాట్లాడుకున్నాం. తొమ్మిదింటికి నారపూల్‌లో రైతులకి మందు వాడకం చూపించాలి. వేళ మించిపోతోంది. పొద్దున బయల్దేరేటప్పుడు అద్దం మీద మంచు నా వైపు సగమే గీకాను. ఎడమ సగం తెల్లగా అలాగే ఉంది. నేను బండి ఎక్కేసరికి ఆయన బల్ల దగ్గరే ఉన్నాడు. డబ్బుల డబ్బా కింద పడి దొర్లినట్టుంది, తియ్యడానికి బండి ముందుకి వచ్చి వంగాడు. నాకు కనపడలేదు. కదిలించాను.

దిగాను. ఆయన కాలవలో పడి ఉన్నాడు, తెలివి ఉంది. గోనెసంచి మడిచి తల కింద పెట్టాను. ఒక మాట అన్నాడు. అది రాయలేను.

"ఫోను చేసి వస్తాను" అని చెప్పి పరిగెత్తాను. వాళ్ళ ఇల్లు గేటుకి చాలా లోపల, ఒట్టు అక్కా, ఫోను కోసమే అంత వేగంగా పోయాను. సమాధుల తోట దాటగానే ఫోను బూత్ ఉంది. దాని ముందే ఆ కెమెరా మెరిసింది. మెరుపు మొహం మీద పడగానే పాయింట్లు గుర్తొచ్చాయి. పాయింట్లు గుర్తొస్తే ఉద్యోగం, ఇల్లు, నోరీన్, వరసగా అన్నీ గుర్తొచ్చాయి. బూత్‌లోకి వెళ్ళి రిసీవరు ఎత్తాను. చెవి దగ్గర పెట్టుకున్నాను. పెట్టేశాను. ఎవరో ఒకరు ఆ దారిన వస్తార్లే అనుకున్నాను. కాలవలో ఉన్నాయన్ని రెండు గంటలపాటు ఎవరూ చూడరని నాకేం తెలుసు? తొమ్మిదింటికి నారపూల్‌లో మందు చూపించాను. చేతులు వణకలేదు కూడా.

ఇప్పుడు నా మాట విను. ఎలాగూ నువ్వే నడిపావని రాసి ఉంది. కొట్టింది కూడా నువ్వేనని చెప్పు. పెద్దదానివి, చూపు ఆనలేదు, మంచు, భయపడ్డాను అంటే జడ్జి నిన్ను ఏం చేస్తాడు? లైసెన్సు తీసుకుంటాడు, అంతే. అరవై మూడేళ్ళ మొదటి తప్పు. నన్నైతే లోపల వేస్తారు. నువ్వు ఎక్కడికీ వెళ్ళేదానివి కాదు. నీకోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. నాకు నోరీన్ ఉంది.

అమ్మ ఉంటే నిన్ను ఇదే అడిగేది.

మెర్విన్


వారంబీన్,
20 సెప్టెంబరు, సోమవారం

మెర్విన్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి నీ మీద జాలి పడ్డాను. మంచులో అద్దం సగం గీకి బయల్దేరనివాడు ఈ జిల్లాలో ఎవడున్నాడు? మీ బావా అంతే, నేనూ అంతే. అది ఎవరికైనా జరగొచ్చు. దానికి నిన్ను ఒక్క మాట అనను.

మూడోసారి చదివినప్పుడు మాత్రం ఆ రిసీవరు దగ్గర ఆగిపోయాను. ఈనిడ్ ఆ పూట వంటింట్లో రెండు కప్పులు పెట్టుకుని కూర్చుంది. ఒక్క ఫోను. ఎవరు మాట్లాడుతున్నారో చెప్పకుండానే పెట్టెయ్యచ్చు కదరా!

అమ్మ అడిగేదా? అమ్మ పేరు ఎత్తకు. నాకోసం ఎదురుచూసేవాళ్ళు లేరన్నావు. అది నిజమే. అంత మాట నీ చేత్తో రాయకుండా ఉండాల్సింది.

నేను తప్పు చేశాను. తమ్ముడి కోసం మూడు పాయింట్లు మోస్తున్నాననుకున్నాను. ఒక మనిషి చావు మోస్తున్నానని తెలియదు. తెలిశాక మొయ్యను.

ఈ ఉత్తరం నీకు బుధవారం పొద్దున అందుతుంది. గురువారం పదింటికి నేను ఫొటో, సీసా, నీ ఉత్తరాలన్నీ తీసుకుని డ్రిస్కల్ దగ్గరికి వెళతాను. కాల్చమన్నవాటిలో ఒక్కటి కూడా కాల్చలేదు. మధ్యలో ఉన్న ఒక్క రోజు నీది. నీ అంతట నువ్వు వెళ్ళి చెబితే అది నీ లెక్కలో ఉంటుంది. నేను చెబితే ఉండదు. నిన్ను ఎత్తుకు తిరిగిన చేతులతో ఇంతకంటే ఇవ్వలేను.

వెళ్ళు, నాన్నా. నాకంటే ముందు వెళ్ళు.

అక్క


నారపూల్,
22 సెప్టెంబరు, బుధవారం

అక్కా,

నీ ఉత్తరం అందగానే బయల్దేరాను. నోరీన్‌కి ఏమీ చెప్పలేదు.

టుల్లీ గేటు దాటాను. బల్ల అక్కడే ఉంది. ఇప్పుడు అదే బూత్‌లో నిలబడి రాస్తున్నాను. వారంబీన్ స్టేషన్ నంబరు తిప్పాను. మోగింది. ఎవరో ఎత్తి "చెప్పండి" అన్నారు.

పెట్టేశాను.

బూత్ పక్కనే పోస్టు డబ్బా ఉంది. అందుకని ఇది రాస్తున్నాను. రేపు వెళ్ళకక్కా. ఒక్క వారం ఆగు. ఒక్క వారం.

మెర్విన్


వారంబీన్,
1 అక్టోబరు

మెర్విన్,

నీ ఉత్తరం నాకు కిందటి శుక్రవారం అందింది. నేను గురువారమే వెళ్ళాను.

డ్రిస్కల్ బల్ల మీద మార్మలేడు పోటీ కాగితం ముందే ఉంది. హాలులోంచి ఎప్పుడో తీసుకొచ్చాడు. "మీరే వస్తారని ఆగాను ఏవిస్ గారూ," అన్నాడు. నా అబద్ధం ఆయనకి మూడు వారాలుగా తెలుసు. ఎవరి కోసమో కూడా తెలుసు. నేను తీసుకెళ్ళినవన్నీ ఒక్కొక్కటీ పేరు రాసి తీసుకున్నాడు. ఆ కెమెరా నోటీసుకి నడిపినవాడి పేరు రాసి ప్రమాణం చేశాను. ఇకమీదట అది నీ పేరున వస్తుంది. తప్పుడు వాంగ్మూలం ఇచ్చినందుకు నవంబరులో నన్ను కోర్టుకి రమ్మన్నారు. వెళతాను, వాదించను.

నువ్వు బెయిలు మీద ఇంటికొచ్చావని నోరీన్ రాసింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. ఆపరేషన్ రోజుకి నేను వచ్చి తన దగ్గర ఉంటాను. నీకు ఇష్టం లేకపోతే నువ్వు పక్క గదిలో కూర్చో.

ఆ గురువారం స్టేషన్ నుంచి తిన్నగా ఈనిడ్ దగ్గరికి వెళ్ళాను. మొత్తం చెప్పాను, నేను సంతకం పెట్టిన సంగతి కూడా. సమాధి రోజున శాండ్‌విచ్‌లు చేసి పెట్టిన నా చేతుల వంక ఆవిడ చూస్తూ కూర్చుంది. గెంటేస్తుందనుకున్నాను. లేచి పొయ్యి మీద కెటిల్ పెట్టింది. ఒక్క కప్పే తీసింది, నాకు కాదు. తర్వాత ఒకే ఒక్క మాట అడిగింది.

"హోరేస్ మీ తమ్ముడితో ఏమన్నాడు?"

నెలరోజులు ఆసుపత్రిలో ఆయన పెదాల దగ్గర చెవి పెట్టుకుని కూర్చున్న మనిషి ఆవిడ. ఒక్క అక్షరం దొరకలేదు. ఆయన ఆఖరి మాట నీ దగ్గర ఉంది. నాకు రాయలేనన్నావు. నాకు రాయొద్దు. రిసీవరు ఎత్తక్కర్లేదు, కాగితం చాలు.

ఈనిడ్ టుల్లీ, నారపూల్ రోడ్డు, వారంబీన్. గేటు దగ్గర బల్ల ఉంటుంది, పోస్టు మనిషికి తెలుస్తుంది.

ఏవిస్